భూపాలపల్లి పెసలు

సంచిలో ముందు ఫ్లాస్కు పెట్టాను. ఛాయ్ పోసుకునేది కాదు, వెడల్పు మూతిది. అడుగున తడిగుడ్డ పరిచి, దాని మీద ఇన్సులిన్ బుడ్డి పెట్టి, పైన మళ్లీ తడిగుడ్డ కప్పాను. తర్వాత ధోతులు, బనీను, ఎర్రంచు తువ్వాల. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం వేరే మూట కట్టాను. ఒంట్లో చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి పటికబెల్లం కాగితంలో చుట్టి సంచి పక్క జేబులో పెట్టాను. సంచిని ఆటో మీద కట్టేస్తే చేతికి అందదు కదా అని మళ్లీ తీసి, ఆయన అంగీ జేబులో వేశాను.

"ఓ కమలా, నేను భూపాలపల్లి పోతున్ననా, కాశికి పోతున్ననా?" అన్నాడు మా ఆయన కైలాసం, గడప మీద కూర్చొని చెప్పులు తొడుక్కుంటూ.

"కాశికైతె బండ్లుంటయి. నువ్వు పోయేకాడికి ఏమున్నదని?"

"నడిచేటోళ్లు ఉన్నరు కద."

"షుగరు పెట్టుకోని నడుస్తవా? కాలికి దెబ్బ తాకితే?"

"తాకితే నువ్వు చదివిన పొట్లం కాగితాలల్ల ఏదో మందు ఉంటది తియ్."

అది రెండువేల పదకొండులో దసరా ముందటి రోజు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బొగ్గుబావుల్లోకి దిగేవాళ్లు లేరు. మా జనగామలో కరెంటు చుట్టంలా వచ్చి పోతోంది. దుకాణాలు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలియదు. అటువంటి రోజుల్లో అరవై ఎనిమిదేళ్ల మనిషి ఆటోలు మారుకుంటూ భూపాలపల్లి దాకా పోతానంటే నాకు భయం వేసింది. అసలు ఎవరు గడప దాటినా నాకు భయమే. మా అమ్మ సంతకు పోయి వస్తానని చెప్పి పోయింది, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి, పోయేవాళ్ల వీపు నేను చూడలేను.

ఆయన వెనకాల సుమిత్ర నిలబడి ఉంది. "బాపు, నువ్వు రాకున్నా నేను పోయొస్త," అంది. అప్పటికే ఎన్నిసార్లు అన్నదో.

"పిల్ల ఒక్కతే పోతదా?" అన్నాడాయన నాతో, ఆ మాట నేనే అన్నట్టు.

 ఆయన అసలు ఎందుకు పోతున్నాడో మాకు ముగ్గురికీ తెలుసు.

సుమిత్రది నర్సింహులపేట దగ్గర తండా. డిగ్రీ చదవడానికి జనగామ వచ్చి మా మేడ మీద గదిలో దిగింది. తర్వాత వరంగల్‌లో పరిశోధనకు చేరింది కానీ గది వదల్లేదు. శనివారం సాయంత్రం వచ్చేది, సోమవారం పొద్దున పోయేది. నన్ను అమ్మా అనేది, ఆయన్ని బాపు అనేది. వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం "యాడీ" అని మొదలుపెట్టి వాళ్ల భాషలోకి వెళ్లిపోయేది. నేను గిన్నెలు తోముతూ వినేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ పిల్ల సంతోషంగా ఉందో లేదో గొంతును బట్టి తెలిసిపోయేది.

నాకు బడి లేదు. పెళ్లయి ఈ పప్పుల దుకాణానికి వచ్చాక, పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత పత్రికల మీద అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆయన గోనె సంచుల మీద నడుం వాల్చేవాడు, నేను కాగితం పైకి చదివేదాన్ని. కథ సగంలో తెగిపోయేది.

"మిగిలింది?"

"వేరే పొట్లంల పోయింది."

"ఎవలింటికి పోయిందో ఏమో. గిట్ల సగం సగం సదివితే ఏం పనికొస్తదే?" అనేవాడు. అని, "ఇంకోటి తియ్," అనేవాడు.

ఏది పనికొస్తది అని అడగడం ఆయన అలవాటు. సుమిత్రనూ అదే అడిగాడు.

భూపాలపల్లి గనిలో పనిచేసే ఆమె మేనమామ భోజ్యా, సుమిత్ర చిన్నప్పుడు అడవి ఉలవలు తెచ్చి వాళ్లింట్లో పెట్టాడట. పక్క కుండలో పెసలు పుచ్చి పిండైపోయినా ఆ ఉలవల్ని పురుగు ముట్టలేదట. ఆ సంగతి ఆమె మనసులో పడిపోయింది. పెద్దయి చదువుకున్నాక ఆ గింజలోంచి ఒక ప్రోటీన్‌ను వేరు చేసింది. అంతకుముందు దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు. అది పొట్టలోకి పోతే పురుగుకు తిన్నది అరగదట, ఉడికించుకొని తింటే మనిషికి ఏమీ కాదట. దాన్ని పొడిగా తయారుచేసి, పేటెంటుకు దరఖాస్తు పెట్టింది.

"ప్రోటీన్ అంటే కంటికి కనబడేది కాదు గద బిడ్డా, ఎట్ల దొరికింది?" అన్నాను నేను.

"బాపు పొద్దుగాల పొడుచుకునే ఇన్సులిన్ కూడ ప్రోటీనే అమ్మా. అది ఏం పని చేస్తదో తెలిసింది కాబట్టి మందయింది."

"అది లేకుంటే నేను చస్త," అన్నాడు ఆయన. "నీది లేకుంటే ఎవలు చస్తరు?"

"నాది ఉంటే చస్తయి బాపు, పురుగులు."

ఆయన నవ్వాడు కానీ ఒప్పుకోలేదు.

వానలు మొదలయ్యాక మద్రాసు నుంచి, పేటెంటు పరిశీలించేవాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. సుమిత్ర మెట్ల మీద కూర్చొని దాన్ని మాకు తెలుగులో చెప్పింది. "కొత్తదే, ఒప్పుకున్నం అంటున్నరు. గాజు గొట్టంల పనిచేసింది, అది కూడ ఒప్పుకున్నం అంటున్నరు. బయట దేనికి పనికొస్తది? ఎవలికి? ఎట్ల? రుజువు తెచ్చి చూపెట్టు అంటున్నరు."

మా ఆయన తొడ చరిచాడు. "నేనడిగిందే అడిగిండ్రు! మద్రాసుల కూడ ఒకడు ఉన్నడు తెలివిగలోడు."

సుమిత్ర నవ్వలేదు. మద్రాసులో హాజరై రుజువు చూపాల్సిన తేదీ దసరా పోయిన రెండో నాడు. అది దాటితే దరఖాస్తు కొట్టేస్తారు. అందులో రాసిందంతా అప్పటికే అచ్చయి లోకానికి తెలిసిపోయింది కాబట్టి మళ్లీ పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ పిల్ల అయిదేళ్ల కష్టం అక్కడ ఆగిపోతుంది.

కొత్త పెసలు దుకాణానికి దిగగానే పని మొదలుపెట్టింది. ఒక్కో చోట రెండేసి పెద్ద గాజు సీసాలు. ఎర్రదారం కట్టిన సీసాలో పొడి పట్టించిన పెసలు, తెల్లదారం కట్టిన దాంట్లో ఉత్త పెసలు. రెండింట్లోనూ బతికున్న పురుగుల్ని వదిలి, మూతికి పల్చటి గుడ్డ బిగించి, ముడి మీద లక్క వేసింది. ఒక జత వ్యాపారి గోదాములో, ఒక జత రైతు ఇంట్లో, ఒక జత ఉద్యోగస్తుడి క్వార్టర్లో ఉండాలంది. అంటే మా గోదాములో, తండాలో వాళ్లమ్మ రుక్కి ఇంట్లో, భూపాలపల్లిలో భోజ్యా దగ్గర. తెల్లదారం సీసా పాడవ్వాలి, ఎర్రదారం సీసా నిలవాలి. గడువు దాకా మూత తీయకూడదు.

పురుగుల్ని గోదాములో పెడతానంటే మా ఆయన గుండె పట్టుకున్నాడు. "లక్ష్మి ఉండే జాగల పుర్గులు ఇడుస్తవా పిల్లా? బజార్ల తెలిస్తే నా దిక్కు ఎవడన్న చూస్తడా?"

"సీసా దాటి రావు బాపు."

"నువ్వు చెప్పినవని వాటికి తెల్సా?"

చివరికి వెనక అరుగు మూలకు ఒప్పుకున్నాడు. పొద్దున్నే దీపం పెట్టాక వెళ్లి, ఆ సీసాల వంక అనుమానంగా చూసి వచ్చేవాడు.

సెప్టెంబరులో సమ్మె మొదలై దుకాణం షట్టరు దిగింది. సుమిత్ర వరంగల్‌లో చిక్కుకుపోయింది. మా వాళ్లకు తరతరాలుగా ఒక అలవాటు ఉంది. దుకాణం నాలుగు రోజులు మూతపడుతుందంటే సరుకు మీద మందు వేస్తారు. మా మామగారి కాలంలో వేపాకు, బూడిద. ఇప్పుడు గ్యాసు గోలీలు. సంచుల మధ్య గోలీలు పెట్టి, తాటిపత్రి పట్టా కప్పి, తలుపు సందుల్లో తడిమట్టి కొట్టి మూసేస్తారు. కర్ఫ్యూ అయినా, బంద్ అయినా, ఇంట్లో చావు అయినా మొదట చేసే పని అదే. ఎవరూ ఆలోచించి చేయరు. తలుపు మూస్తే గొళ్లెం పెట్టినట్టే.

సుమిత్ర వారం పోయాక ఎవరి లారీలోనో వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా గోదాముకు పోయింది. ఆయన వెంటే పోయాడు, సంతోషంగా.

"ఏం పరేషాన్ కాకు బిడ్డా. గోలీలు పెట్టిచ్చిన. గోదాం మొత్తంల ఒక్క పుర్గు లేదు. నీ సీసాలు చూడు, రెండుకు రెండు మంచిగున్నయి."

సుమిత్ర తెల్లదారం సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. అడుగున చచ్చిన పురుగులు. పైన పెసలు ఎక్కడో ఒక గింజకు తప్ప బొక్క లేకుండా మెరుస్తున్నాయి. ఎర్రదారం సీసా కూడా అచ్చం అట్లాగే ఉంది.

"మంచిది బాపు," అంది.

సీసా మెల్లగా కింద పెట్టి మేడ మీదికి పోయింది. నేను ఛాయ్ పట్టుకుపోతే గోడవైపు తిరిగి పడుకొని ఉంది. నిద్ర పోవడం లేదు.

కిందికొచ్చి ఆయనకు చెప్పాను. "ఆ తెల్లదారంది పాడు గావాల్నట."

"పాడు గావాల్నా?"

"అది పాడైతెనే ఇది నిలిచింది అని రుజువు. ఇప్పుడు రెండూ నీ గోలీలతోటే నిలిచినయి."

 సరుకును కావాలని పాడు చేసుకునే వ్యాపారం ఒకటి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. "మరి నాకు చెప్పలేదేందే?" అన్నాడు. సుమిత్ర చెప్పింది, ఆయనకు వినబడలేదు. ఆ రోజు నుంచి ఆయన ఏదైనా దేనికి పనికొస్తదని అడగడం మానేశాడు.

ఇంకా రెండు జతలున్నాయి కదా అని మేం ధైర్యం చెప్పుకున్నాం. బతుకమ్మ పండుగ రోజుల్లో సుమిత్ర తండాకు ఫోన్ చేసింది. నేను చిక్కుడుకాయలు తుంచుతున్నాను. "యాడీ" అని మొదలుపెట్టింది. గొంతు సన్నబడింది. ఆగింది. మళ్లీ ఏదో అడిగింది. తర్వాత ఫోన్ పెట్టేసి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"పెసలు తిన్నరట అమ్మా."

"ఎవలు?"

"ఊరంత."

సమ్మెకు మద్దతుగా రోడ్డు మీదే వండుకొని అందరూ తినే వంటా-వార్పు పెట్టారట. ఇంటికి ఇంత అని బియ్యమో పప్పో ఇవ్వాలి. కొందామంటే దుకాణాలు మూసి ఉన్నాయి. రుక్కి సీసాల వైపు చూసింది. ఒకటి పొడిపొడిగా పుచ్చిపోయింది, ఒకటి బంగారంలా ఉంది. ఇంకా చూడాల్సింది ఏముందనుకుంది. పుచ్చినవి కోళ్లకు చల్లి, మంచివి రోడ్డు మీద పెద్ద గంజులోకి వేసింది.

"చెప్పమ్మా, ఇంతకంటె ఇంకెట్ల పనికొస్తదో!" అంది సుమిత్ర. "మా అమ్మనే తీస్కపోయి మద్రాసుల నిలబెట్టాలె."

ఇక మిగిలింది భోజ్యా దగ్గరున్న జత ఒక్కటే. వాకిట్లో కూర్చున్న మా ఆయన ఇదంతా విన్నాడు. నవ్వలేదు. కాసేపటికి లోపలికి వచ్చి, "కమలా, సంచి సదురు," అన్నాడు.

పోయే ముందు గడప దగ్గర ఆగాడు. "అచ్చేవరకు ఏదన్న పూర్తిగున్న కథ ఎతికిపెట్టు. సగం సగమియి ఇన్లేక సస్తున్న."

"దసరాకు ఇంట్ల ఉండవా? జమ్మి ఎవలు పెడ్తరు నాకు?"

"అచ్చినంక పెడ్త. నా వంతు తీసిపెట్టు."

ఆటో రైల్వే గేటు వైపు తిరిగేదాకా నిలబడ్డాను. ఆయన వీపు చూడలేదు. కావాలనే ఆటో వెనక రాసిన అక్షరాలు చదువుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు దసరా. సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి జమ్మి ఆకు చేతిలో పెట్టి పోయారు. ఆయన వంతు దీపం గూట్లో పెట్టాను. కరెంటు లేదు. అప్పుడు ఫోన్ మోగింది.

"కమలా, పెసలు చూసిన," అన్నాడు. దూరం నుంచి వచ్చినా గొంతు ఉల్లాసంగా ఉంది. "అడుగుదాక చెయ్యి పెట్టి చూసిన."

"ఎట్లున్నయి?"

"తెల్లదారంది పట్టుకుంటె పిండి రాలుతున్నది. ఎర్రదారందా? మన దుకాణంల ఈ ఏడాది అసొంటియి దిగలే. నలుగురి ముందట కాగితం మీద సంతకం పెట్టిన."

"ఏమని?"

"నేను నలభై ఏండ్ల సంది పప్పుల వ్యాపారం చేస్తున్న, ఈ సరుకు నేను కొంట, అని. గంతకంటె పనికొచ్చుడు ఏముంటదే?"

"రొట్టె తిన్నవా?"

"తిన్న."

"సూది?"

"పొడుచుకున్న. నువ్వు భయపడకు. పిల్లను రేపు పొద్దుగాల భోజ్యా కొడుకు చత్రు బండి మీద వరంగల్ల మద్రాసు రైలు ఎక్కిస్తడు. నేను నిమ్మలంగ ఆటో చూసుకోని వస్త."

నేను ఇంకా ఏదో అడుగుతుండగానే ఫోన్ ఆగిపోయింది. అక్కడా కరెంటు లేదు. ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ మోగింది. ఆయనే అనుకున్నాను. కాదు, భోజ్యా.

"సేటమ్మా," అని ఆగాడు. వెనక ఎవరో మైకులో పాట పాడుతున్నారు. ఆ పాట మధ్యలోనే ఆగిపోవడం నాకు వినిపించింది. "సేటు మా సమ్మె టెంటు కాడ కూసున్నడు. ఆటో దొరికేదాక కూసుంట అన్నడు. మావోళ్లతోని మస్తు మాట్లాడిండు, నవ్విచ్చిండు. చక్కెర లేని ఛాయ్ తాగిండు. గుంజకు ఒరిగితె నిద్రపోతున్నడు అనుకున్నం. దవాఖానకు తీస్కపోయినం సేటమ్మా..."

దవాఖానలో ఏమన్నారో నేను అడగలేదు.

"సుమిత్రకు చేస్తున్న. రైలు ఎక్కిందో లేదో, ఎక్కకుంటె ఆపుతం," అన్నాడు.

"చెయ్యకు," అన్నాను.

"ఏంది సేటమ్మా?"

"రేపు పొద్దుగాల ఆమెకు మద్రాసుల పనున్నది. ఇప్పుడు చెప్తె దిగి ఉరికొస్తది. రేపు మాపటిదాక ఎవలూ చెప్పొద్దు. చత్రుకు కూడ గిదే చెప్పు."

"ఆమెకు బాపు గద సేటమ్మా..."

"మరి నాకేమైతడు భోజ్యా?"

 నేను ఫోన్ పెట్టేసి, గోదాము తలుపు తీసి ఉందని లేచి వెళ్లి గొళ్లెం పెట్టి వచ్చాను.

యూనియన్ వాళ్ల జీపులో పొద్దుగూకే వేళకు తెచ్చారు. జీపుకు కట్టిన జెండాను దారిలోనే విప్పి మడిచి సీటు కింద పెట్టారు. సంచి భోజ్యా నా చేతికిచ్చాడు. తడిగుడ్డ ఇంకా తడిగానే ఉంది. అంగీ జేబులో పటికబెల్లం కాగితం విప్పలేదు.

సుమిత్ర వచ్చేసరికి అంతా అయిపోయింది. మద్రాసులో పని ముగించుకొని, మెట్లు దిగి ఫోన్ తెరిచాక తెలిసిందట. వాకిట్లోనే కూలబడింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తె మర్లొస్తువు. మర్లొస్తె ఆయన పోయిన పని ఏం గావాలె?"

నన్ను కొట్టినంత పని చేసింది. తర్వాత నా ఒళ్లో తల పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. నేను అప్పుడు ఏడ్చాను.

సాయంత్రం సంచిలోంచి ఎర్రంచు తువ్వాల తీసి నా చేతి మీద కప్పింది. మా వ్యాపారంలో బేరం అట్లా చేస్తారు. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని ధర చెప్పుకుంటారు, పక్కవాళ్లకు తెలియకుండా. "పెసలు చూసినంక నా చెయ్యి గిట్ల పట్టిండమ్మా. ధర చెప్పు అన్నడు. నాకు బేరం ఏం తెలుసు, నోటికొచ్చినట్టు వేళ్లు పట్టిన." నా వేళ్లను ఆమె ఒకటొకటిగా నొక్కి చూపింది. "ఒక్క వేలు కూడ తగ్గియ్యలేదమ్మా. సరే అన్నడు."

నలభై ఏళ్లలో మా ఆయన ఎదుటివాళ్లు అడిగిన ధరకు ఒప్పుకోవడం నేను ఎరగను.

పేటెంటు కాగితం తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది వచ్చింది. సుమిత్ర దాన్ని తెచ్చి తెలుగులో చదివి వినిపించింది. అందులో ఆయన పేరు లేదు. ఉపయోగం రుజువైంది అని మాత్రం ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని రెండోసారి చదవమన్నాను. ఆమె ఇప్పటికీ దసరాకు వస్తుంది. ఇద్దరం జమ్మి పెట్టుకుంటాం. తిరిగి పోతుంటే గడప దాకా వస్తాను కానీ వీధిలోకి రాను.

తెగకుండా, మొదలు నుంచి చివరి దాకా ఉన్న కథ ఒకటి ఆ దసరా నాడే పాత పత్రికల కట్టలో దొరికింది. తీసిపెట్టాను. నేను కూడా చదవలేదు.

కైలాసం భూపాలపల్లి నుంచి తిరిగి రాలేదు. రెండువేల పదకొండు అక్టోబరు, దసరా తెల్లవారి.